స్టేషనుకూ ప్రత్యేక కోర్టుకూ నడుమ
(దళిత కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పోలీసులకూ ప్రత్యేక కోర్టులకూ మధ్య సమన్వయం అనే విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. సమన్వయం అనేది సర్కారు మాట. కలెక్టరాఫీసు మీటింగుల్లో ఈ మాట తరచు వినపడుతుంది. పోలీసులూ కోర్టులూ కలిసి పనిచేస్తే దళితులకు న్యాయం త్వరగా జరుగుతుందట. వినటానికి బాగానే ఉంది. అయితే ఎవరితో ఎవరు కలవాలి? ఎవరి కోసం కలవాలి? ఊళ్ళో మనం చూసిన కలయిక వేరు గదా! పెత్తందారు అరుగు మీద ఎస్సై కూర్చోటం మనం చూశాం. పల్లె జనం కంప్లయింటు కాగితం పట్టుకుని స్టేషను బయట చెట్టు కింద పొద్దుగూకే దాకా కూర్చోటమూ చూశాం. ఆ కలయికకు సమన్వయం అని ఎవరూ పేరు పెట్టలేదు. కాని ఇన్నేళ్ళూ అన్నిటికన్నా గట్టిగా పనిచేసింది అదే.

అందుకని ఇవాళ నేను ఒకే ఒక్క మాట చెప్తాను. మిగతావన్నీ ఆ మాటకు రుజువులే. ప్రత్యేక కోర్టు తన కళ్ళతో ఏదీ చూడదు. పోలీసు రాసిన కాగితంలోంచి చూస్తుంది, పోలీసు తీసుకొచ్చిన సాక్షి నోటి వెంట వింటుంది. కాగితం గుడ్డిదైతే కోర్టూ గుడ్డిదే. కనక కోర్టులో గెలవాలంటే ముందు ఫైల్లో గెలవాలి. స్టేషను మెట్ల దగ్గర్నించి తీర్పు చదివే రోజు దాకా ఆ ఫైలు నడిచే దారి పొడుగూతా బాధితుల తరఫు మనిషి ఒకరు నడవాలి. ఆ నడిచే మనిషి మీరే.

ముందు ఈ ప్రత్యేక కోర్టులు ఎక్కణ్ణించి వచ్చాయో చెప్పుకుందాం. ఇవి ఎవరి దయా కాదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్ళు చీరాలకు వచ్చి శిబిరం పెట్టుకున్నారు. దళిత మహాసభ పుట్టింది. ఆ కేసులో చివరి తీర్పు 2008లో సుప్రీంకోర్టులో వచ్చింది. అంటే ఇరవై మూడేళ్ళు! ఆ పోరాటాల ఒత్తిడితోనే 1989లో ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1990 జనవరి 30 నుంచి అమల్లోకి వచ్చింది. దాని పద్నాలుగో సెక్షనులో ప్రత్యేక కోర్టు అనే మాట ఉంది. కాని అసలు జరిగిందేమిటి? జిల్లాలో ఉన్న సెషన్స్ కోర్టుల్లోనే ఒకదానికి ప్రత్యేక కోర్టు అని పేరు తగిలించారు. అదే జడ్జి, అదే గుమాస్తా, అవే పాత కేసుల గుట్టలు. బోర్డు ఒక్కటే కొత్తది.

చట్టం ఎట్లా నడవాలో చెప్పే నియమావళి 1995 మార్చి 31న గాని రాలేదు. చట్టం వచ్చాక అయిదేళ్ళకన్న మాట. ఆ నడుమనే చుండూరు జరిగింది.

చుండూరు సంగతి మీ అందరికీ తెలుసు. అయినా పోలీసు, కోర్టు అనే ఈ లెక్కలో దాన్ని ఇంకొకసారి చదవాలి. 1991 జులైలో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు తగిలిందనే గొడవ. తర్వాత సాంఘిక బహిష్కరణ. ఊళ్ళో పోలీసు బలగం దిగింది. ఆగస్టు 6న ఎనిమిది మందిని పొలాల్లో వెంటాడి నరికారు. శవాల్ని గోతాల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్లో, కాలవలో పడేశారు. పోలీసులే పల్లెలోకి వచ్చి పారిపొమ్మని మగవాళ్ళను పొలాల్లోకి తరిమారని, అక్కడ చంపేవాళ్ళు కాచుకుని ఉన్నారని బతికినవాళ్ళు చెప్పారు. పోలీసులకూ పెత్తందార్లకూ సమన్వయం అంటే అదీ.

దళితులు శవాల్ని ఊరి నడిమధ్యన పూడ్చారు. అదే రక్తక్షేత్రం. తర్వాత వాళ్ళు అడిగిందేమిటి? కోర్టు మా ఊరికి రావాలి అన్నారు. ఎందుకు? గుంటూరు వెళ్ళి సాక్ష్యం చెప్పాలంటే కూలి పోతుంది. బస్సులో, దారిలో, కోర్టు వరండాలో బెదిరింపులు ఉంటాయి. ఊళ్ళోనే కోర్టు పెడితే జడ్జికి ఆ పొలాలు ఎక్కడో, డ్రెయిన్ ఎక్కడో, పల్లె ఎక్కడో తెలుస్తుంది. నేరం జరిగిన చోటే ప్రత్యేక కోర్టు పెట్టటం ఈ చట్టం కింద అదే మొదటిసారి. రెండో కోరిక, మా ప్రాసిక్యూటర్ని మేమే చెప్తాం అన్నారు. పౌరహక్కుల న్యాయవాది బి. చంద్రశేఖర్ ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్ అయ్యారు. బొజ్జా తారకం గారి లాంటి వాళ్ళు వెన్నుదన్నుగా నిలిచారు. అయినా విచారణ మొదలయ్యేసరికి 2004 వచ్చింది. పదమూడేళ్ళ తర్వాత కూడా సాక్షులు నిలబడ్డారంటే దానికి కారణం పోలీసులు కాదు, కోర్టు కూడా కాదు. ఉద్యమం.

2007 జులై 31న తీర్పు వచ్చింది. 21 మందికి యావజ్జీవం. 35 మందికి ఏడాది జైలు. 123 మంది విడుదల. దళితుల సాక్ష్యాన్ని కోర్టు నమ్మింది. అది మన చరిత్రలో పెద్ద మాట. కాని 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఏమని? చనిపోయిన సమయం రుజువు కాలేదు, చంపిన స్థలం రుజువు కాలేదు, ఎవరు చంపారో రుజువు కాలేదు అని. దాని మీద సుప్రీంకోర్టుకు అప్పీలు వెళ్ళింది.

ఈ మూడు మాటలూ మీ నోటు పుస్తకాల్లో రాసుకోండి. సమయం, స్థలం, మనిషి. ఈ మూడూ కోర్టు కనిపెట్టేవి కావు. ఇంక్వెస్టులో, పంచనామాలో, సాక్షుల వాంగ్మూలాల్లో మొదటి రోజుల్లో పోలీసులు రాయవలసినవి. చుండూరులో ఆ రోజు పోలీసులు ఊళ్ళోనే ఉన్నారు! ఊళ్ళో పోలీసులుండగా జరిగిన హత్యల్లో ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అనేది రుజువు కాలేదంటే ఆ లోటు సాక్ష్యం చెప్పిన కూలివాడిదా? ఖాకీ బట్టలోడిదా? శిక్ష తప్పిపోయినప్పుడు పేపర్లలో ‘దళితులు ఓడిపోయారు’ అని వచ్చింది. దర్యాప్తు ఓడిపోయింది అని రాసినవాళ్ళు తక్కువ.

ఇప్పుడు ఆ ఫైలు నడిచే దారిలో ఎక్కడెక్కడ కేసును చంపుతారో వరసగా చూద్దాం.

మొదటిది స్టేషను గడప. కంప్లయింటు తీసుకోరు. తీసుకున్నా అత్యాచారాల చట్టం సెక్షన్లు వెయ్యరు, మామూలు కొట్లాట సెక్షన్లు వేస్తారు. అట్లా వేస్తే కేసు ప్రత్యేక కోర్టు మొహమే చూడదు. లేకపోతే కౌంటరు కేసు పెట్టిస్తారు. దెబ్బలు తిన్నవాడి మీద, కొట్టినవాడి చేత! రెండు కేసులూ పక్కపక్కన పెట్టి ‘రాజీ పడండయ్యా, ఊళ్ళో బతకాలి గదా’ అంటారు. చట్టం ఏమంటోంది? నాలుగో సెక్షను ప్రకారం నోటితో చెప్పింది రాసుకోవాలి, చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి, ఈ చట్టం కింద ఎఫ్.ఐ.ఆర్. కట్టాలి, కాపీ ఇవ్వాలి. కావాలని చెయ్యని దళితేతర ఉద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. స్టేషనులో తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చు. ముందు విచారణ చేస్తాం, నిజమైతే కేసు కడతాం అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఆ పద్ధతి పెట్టింది. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది. దళితులు కాల్పుల్లో చచ్చిపోయారు. ఆ నెత్తురు మీదనే అదే సంవత్సరం పార్లమెంటు 18ఎ సెక్షను చేర్చింది. ఎఫ్.ఐ.ఆర్.కు ముందస్తు విచారణ అక్కర్లేదు, అరెస్టుకు పై అధికారి అనుమతీ అక్కర్లేదు. 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు తన ఆదేశాలను తానే వెనక్కి తీసుకుంది. 2020 ఫిబ్రవరి 10న 18ఎ చెల్లుతుందని చెప్పింది.

రెండోది దర్యాప్తు చేసే మనిషి. నియమావళి ఏడో నిబంధన ప్రకారం డి.ఎస్.పి. స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చెయ్యాలి. మనకు మేలు చెయ్యటానికి పెట్టిన నిబంధన ఇది. దీన్నే మన మెడకు ఉరితాడు చేశారు. ఎస్సైయో సీఐయో దర్యాప్తు చేసి చార్జిషీటు వేస్తాడు. ఏళ్ళు గడిచాక ముద్దాయి లాయరు లేచి ‘డి.ఎస్.పి. చెయ్యలేదు గనక ఈ కేసు చెల్లదు’ అంటాడు. కోర్టు అవునంటుంది. తప్పు పోలీసుది, లాభం ముద్దాయిది, నష్టం మనది. ఇదెక్కడి లెక్క? అందుకని మొదటి వారంలోనే కనుక్కోండి, దర్యాప్తు అధికారిని నియమించిన ఉత్తర్వు ఉందా, ఊళ్ళోకి డి.ఎస్.పి. స్వయంగా వచ్చాడా, వాంగ్మూలం ఆయనే రాసుకున్నాడా అని.

మూడోది కులం రుజువు. బాధితుడు ఎస్సీ అనీ, ముద్దాయి ఎస్సీ ఎస్టీ కాదనీ తహసీల్దారు ఇచ్చిన సర్టిఫికెట్లు ఫైల్లో ఉండాలి. ఈ రెండు కాగితాలు లేక పోయిన కేసులు ఉన్నాయి. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. మన ఆంధ్రప్రదేశ్ కేసే చెప్తాను. 2011లో పుట్టుగుడ్డి అయిన ఒక దళిత యువతి మీద అత్యాచారం జరిగింది. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముద్దాయికి రేప్ నేరం కింద యావజ్జీవం ఖాయం చేసింది గాని అత్యాచారాల చట్టం కింద శిక్ష తీసేసింది. కులం కారణంగా చేశాడనే సాక్ష్యం ఫైల్లో లేదంది. ఆ పాత లెక్క 2016 జనవరి 26 నుంచి మారింది. బాధితురాలు దళితురాలని తెలిసి చేశాడంటే ఇప్పుడు చాలు. ముద్దాయికి ఆ కుటుంబంతో పరిచయం ఉందని రుజువైతే కులం తెలుసనే కోర్టు అనుకోవాలి. కాని పరిచయం ఉందని ఎవరు రాయాలి? పోలీసే. ఒకే ఊరు, ఆయన పొలంలో పదేళ్ళుగా వీళ్ళు కూలి చేస్తున్నారు, వీళ్ళ నాన్న ఆయన దగ్గర పాలేరు. ఇట్లాంటి మామూలు మాటలు వాంగ్మూలంలో ఉండాలి. మనకు అందరికీ తెలిసిన సంగతే గదా అని చెప్పకుండా ఊరుకుంటాం. అందరికీ తెలిసింది కోర్టుకు తెలియదు.

క్రైస్తవం తీసుకున్న మన జనం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు నీడ మన మీద ఇంకా ఉంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అత్యాచారాల కేసును ఆయన మతం మారాడనే కారణంతో కొట్టేసింది. తిట్టేవాడు కులం పేరుతోనే తిడతాడు, కొట్టేవాడు మాల అనే మాదిగ అనే కొడతాడు. కోర్టుకు వచ్చేసరికి మాత్రం నీకు కులం లేదంటారు! ఇది చట్టసభలో తేలవలసిన పోరాటం. అది తేలే దాకా ప్రతి కేసులో ఈ దాడి వస్తుందని తెలిసి కాగితాలు ముందే సర్దుకోవాలి.

నాలుగోది కాలం. కేసును చంపటానికి కత్తి అక్కర్లేదు, వాయిదా చాలు. సాక్షికి పొలం లేదు. ముద్దాయి పొలంలోనే కూలికి పోవాలి. ఆరేళ్ళు ఆగితే ఏ సాక్షి నిలబడతాడు? ఒక చిన్న చట్టపు మెలికతో ఎంత కాలం పోయిందో చూడండి. పోలీసులు చార్జిషీటు నేరుగా ప్రత్యేక కోర్టులో వేస్తుంటే, అట్లా కుదరదు, ముందు మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళి అక్కణ్ణించి రావాలి అని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసులోనే. ప్రత్యేక కోర్టు ఎదురుగా ఉన్నా ఇంకో మెట్టు ఎక్కి దిగి రావాలన్న మాట. ఆ మెట్టు తీసెయ్యటానికి పార్లమెంటుకు 2015 సవరణ దాకా పట్టింది. అదే సవరణ, ఈ కేసులకే అంకితమైన కోర్టులు పెట్టాలంది. దర్యాప్తు 60 రోజుల్లో పూర్తి చెయ్యాలంది. చార్జిషీటు పడ్డాక సాధ్యమైనంత వరకు రెండు నెలల్లో విచారణ ముగించాలంది. రోజువారీ విచారణ అంది. కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి? కాని సాక్షికి సమన్లు ఎవరు తెస్తారు? కోర్టు కానిస్టేబులు. అతను ‘సాక్షి ఊళ్ళో లేడు’ అని రాస్తే వాయిదా. దర్యాప్తు అధికారి బదిలీ మీద పోయి సాక్ష్యానికి రాకపోతే వాయిదా. ముద్దాయి వారంటు అమలు కాకపోతే వాయిదా. పోలీసులకూ కోర్టుకూ సమన్వయం అంటే అసలు సంగతి ఇది. పెద్ద మీటింగులు కాదు, ఆ సమన్ల కాగితం సకాలంలో పల్లెకు చేరటం.

పరిహారం కూడా పోలీసు కాగితానికే ముడిపడి ఉంది. 2016 నిబంధనల ప్రకారం హత్య జరిగితే కుటుంబానికి ఎనిమిది లక్షల పాతికవేలు. సగం పోస్టుమార్టం తర్వాత, సగం చార్జిషీటు కోర్టుకు వెళ్ళాక. చార్జిషీటు ఆలస్యమైతే ఆ ఇంట్లో కుండ ఆలస్యమవుతుంది. అప్పుడే పెత్తందారు మనిషి రాజీ డబ్బుతో గడపలోకి వస్తాడు. ఆ రాకడకు దారి వేసింది ఎవరో ఆలోచించండి.

అయిదోది బెయిలు. ముందస్తు బెయిలు ఈ చట్టంలో లేదు. మామూలు బెయిలు విషయంలో బాధితులకు నోటీసు ఇవ్వాలి, వాళ్ళ మాట వినాలి. ఇది 15ఎ సెక్షను. నోటీసు ఇవ్వటం తప్పనిసరి అని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ నోటీసు పోలీసుల ద్వారానే మన దగ్గరికి రావాలి. రాకపోతే ముద్దాయి ఊళ్ళో మీసం తిప్పుకుంటూ దిగిన రోజున గాని మనకు బెయిలు సంగతి తెలియదు.

ఇంతా విని కొందరు అనుకోవచ్చు, అయితే చట్టం దండగ, కోర్టు దండగ అని. నేను ఆ మాట అనటం లేదు. బాబాసాహెబ్ మనకు ఇచ్చిన రాజ్యాంగంలోంచి పుట్టిన చట్టం ఇది. వదులుకుంటే పెత్తందారే సంతోషిస్తాడు. కోర్టూ పోలీసూ స్నేహంగా ఉండాలని కూడా నేను అనటం లేదు. కోర్టు పోలీసుకు చుట్టం కాగూడదు. కోర్టు పోలీసు చేత పని చేయించాలి. ఆ అధికారం ప్రత్యేక కోర్టుకు ఉంది. విధి తప్పిన ఉద్యోగి సంగతి స్వీకరించి అతని మీద చర్యకు ఆదేశించమని నాలుగో సెక్షనే చెప్తోంది. ఉన్న అధికారాన్ని వాడమని కోర్టును అడిగేది ఎవరు? మనం అడగాలి, పిటిషను వేసి అడగాలి.

చెయ్యవలసిన పనులు చెప్పి ముగిస్తాను. దాడి జరిగిన రోజునే సమయం, స్థలం, మనుషుల పేర్లు ఒక కాగితం మీద రాయించండి. గాయాలకు, చోటుకు ఫోటోలు తీయండి. ఎఫ్.ఐ.ఆర్. కాపీ తెచ్చి సెక్షన్లు చూడండి. 2024 జులై 1 నుంచి పాత నేర విచారణ చట్టం పోయింది. పోలీసుల ముందు ఇచ్చే వాంగ్మూలం 161 కాదు, ఇప్పుడు 180. మెజిస్ట్రేటు ముందు ఇచ్చేది 164 కాదు, 183. నంబరు మార్చి మిమ్మల్ని తికమక పెట్టనియ్యకండి. ముఖ్య సాక్షుల చేత మెజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇప్పించమని అడగండి. అరవయ్యో రోజు తేదీ గోడ మీద రాసిపెట్టుకోండి. ఆ రోజుకు చార్జిషీటు పడకపోతే ఎస్పీకీ కోర్టుకూ రాయండి. ‘తప్పుడు కేసు’ అని మూసేసి నోటీసు పంపితే ఊరుకోకుండా కోర్టులో ప్రొటెస్టు పిటిషను వెయ్యండి. ప్రాసిక్యూటరు మీద నమ్మకం లేకపోతే మీరు కోరిన సీనియరు లాయర్ని పెట్టమని కలెక్టరును అడగండి, నాలుగో నిబంధనలో ఆ వీలుంది. సాక్షులకు దారిబత్తెం, రోజు బత్తెం పదకొండో నిబంధన కింద హక్కు, భిక్ష కాదు.

జిల్లా విజిలెన్సు కమిటీ కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకొకసారి కూర్చోవాలి. రాష్ట్ర కమిటీ ముఖ్యమంత్రి అధ్యక్షతన జనవరిలో, జులైలో కూర్చోవాలి. కూర్చున్నారో లేదో సమాచార హక్కు కింద అడగండి. ప్రతి నెలా 30న సివిల్ రైట్స్ డే అని తహసీల్దారూ ఎస్సై పల్లెకు రావాలి. వచ్చిన రోజున టీ ఇచ్చి పంపకండి. పెండింగు కేసుల జాబితా చేతిలో పెట్టి, ఒక్కొక్క కేసు ఎక్కడ ఆగిందో అందరి ముందూ చెప్పించండి.

ఊచకోత జరిగిన ప్రతిచోటా ఊళ్ళోనే కోర్టు పెట్టాలని అడుగుదాం. ప్రతి జిల్లాలో వేరే పనులేమీ లేని ప్రత్యేక కోర్టు కావాలని అడుగుదాం. విధి తప్పిన పోలీసు మీద నాలుగో సెక్షను కేసు పెట్టే దాకా వదలం అని చెప్దాం. చుండూరు జనం పదమూడేళ్ళు కాచుకుని కోర్టును తమ ఊరికి రప్పించారు. వాళ్ళకు మన బాకీ ఒకటుంది. ఇకముందు ఏ పల్లెలోనూ సమయం, స్థలం, మనిషి అనే మూడు గళ్ళు ఖాళీగా ఉన్న ఫైలు కోర్టుకు పోనియ్యగూడదు.

జై భీమ్!